పిల్లల ఇళ్ళకి వెళ్ళాలనుకుంటున్నాం: ఎలా మొదలుపెట్టాలి, ఏం చూడాలి, ఏం అడగకూడదు? (శ్రీకాకుళం, విజయనగరం టీచర్ల చర్చ)

తీరం_బడి
ఆదివారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. మాది పూసపాటిరేగ వైపు సముద్రం దగ్గరి ప్రాథమిక బడి. ఇద్దరం టీచర్లం, 38 మంది పిల్లలు. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని కలిపి లెక్కేస్తే 26 ఇళ్ళు. ఈ ఏడు ప్రతి ఇంటికీ ఒక్కసారైనా వెళ్ళాలనుకుంటున్నాం. బడి మానేసినవాళ్ళని పట్టుకురావడానికి కాదు, పిల్లల్ని తెలుసుకోవడానికి. చెప్పి వెళ్ళాలా, చెప్పకుండానా? ఎంతసేపు కూర్చోవాలి? ఏం అడగాలి, ఏం రాసుకోవాలి? సగంలో ఆగిపోకుండా ఎలా నడపాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

చంపావతి_62
ఆదివారం, రాత్రి 9:02

మంచి పని అమ్మా. ముందు లెక్క చూసుకోండి. వారానికి రెండు సాయంత్రాలు, సాయంత్రానికి రెండిళ్ళు. 26 ఇళ్ళకి ఆరున్నర వారాలు పడుతుంది. వానలు, మీటింగులు, ఊళ్ళో పెళ్ళిళ్ళు, చావులు ఉంటాయి కాబట్టి ఇంకో రెండు వారాలు కలుపుకోండి. సాయంత్రానికి మూడో ఇల్లు పెట్టకండి. అక్కడికి చేరేసరికి వాళ్ళకి వంట వేళ, మీకు బస్సు వేళ. ఇద్దరి మనసూ మాటమీద ఉండదు. ఇంటికి 20 నుంచి 30 నిమిషాలు చాలు.

వరస విషయంలోనే చాలా బళ్ళు తప్పు చేస్తాయి. మొదటి వారం బడికి సరిగా రాని నలుగురి ఇళ్ళకే వెళ్తే ఐదో గుమ్మం ఎక్కేసరికి ఊరంతా ఒకటే అనుకుంటుంది: మాస్టారు వచ్చారంటే ఏదో తప్పు జరిగిందని. 'ఏటి బాబూ, మా గుంటడేటైనా సేసినాడేటి?' అనే మాట ఎదురొస్తుంది. ఆ భయంతో మొదలైన మాట పిల్లవాడి దాకా వెళ్ళదు. అందుకని మొదటి నాలుగిళ్ళలో బాగా చదివే పిల్ల ఒకరు, నడిమిరకం ఇద్దరు, తరచూ రానివాళ్ళు ఒకరు ఉండేట్టు చూడండి. ఆ తర్వాత వీధి వరసన వెళ్ళిపోండి. ఒక్క ఇల్లు కూడా వదలకండి. వదిలిన ఇంటివాళ్ళు అది మనసులో పెట్టుకుంటారు.

ఇది మనకే వచ్చిన ఆలోచన కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం శాక్రమెంటోలో 1998లో తల్లిదండ్రులు, టీచర్లు కలిసి ఒక పద్ధతి మొదలుపెట్టారు. అక్కడి కట్టుబాట్లు ఇవి: రెండు వైపులా ఇష్టమైతేనే వెళ్ళాలి. ముందే చెప్పి వెళ్ళాలి. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి. ఫలానా పిల్లలని ఏరకూడదు. మొదటిసారి చదువు లోపాలు ఎత్తకుండా పిల్లమీద ఇంటివాళ్ళకున్న ఆశలే మాట్లాడాలి. అక్కడ టీచర్లకి ముందు శిక్షణ ఇస్తారు, ఆ సమయానికి డబ్బు కూడా చెల్లిస్తారు. మన దగ్గర ఆ చివరిది లేదు కాబట్టి మీ ఇద్దరి ఓపికనీ ముందే కొలుచుకోండి. జపాన్‌లో అయితే కొత్త తరగతులు మొదలైన వసంతంలో క్లాసు టీచరు ఇంటింటికీ వెళ్ళడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఇంటికి 10, 15 నిమిషాలకి మించదు.

గరివిడి_సోషల్
ఆదివారం, రాత్రి 9:30

ఒక్క మాటకి ఒప్పుకోలేను మాస్టారూ. ముందే చెప్పి వెళ్తే ఇల్లు సర్దేస్తారు, పిల్లని పుస్తకం ముందు కూర్చోబెడతారు. అసలు పరిస్థితి మన కంటబడదు. చెప్పకుండా వెళ్తేనే కదా నిజం తెలిసేది?

లావేరు_తల్లిదండ్రుల_కమిటీ
సోమవారం, ఉదయం 6:10

గరివిడి సార్, ఇంటివాళ్ళ వైపునుంచి చెప్తాను, తప్పుగా అనుకోకండి. మీరు చెప్పకుండా వచ్చేసరికి ఇంట్లో ఆవిడ స్నానానికి వెళ్ళి ఉండొచ్చు, అత్తాకోడళ్ళు మాటామాటా అనుకుంటూ ఉండొచ్చు, పొయ్యిమీద గంజి తప్ప ఏమీ ఉండకపోవచ్చు. టీచరు ముందు ఆ స్థితిలో నిలబడ్డ మనిషి ఆ అవమానం మర్చిపోదు. తర్వాత కమిటీ మీటింగుకి పిలిచినా రాదు. మీరు చూద్దామనుకున్న నిజం కనబడుతుందేమో గానీ, నిజం చెప్పాల్సిన మనిషి మాత్రం దూరమైపోతుంది. ఇల్లు సర్దుకోనివ్వండి. అది మీకిచ్చే మర్యాద.

ఇంకోటి. చీటీ ఒక్కటే పంపితే సరిపోదు. చదవడం రాని తల్లికి ఆ చీటీని పిల్లే చదివి వినిపించాలి. తనకి నచ్చని ముక్క పిల్ల చదవకపోవచ్చు. చీటీ పంపి, రెండు రోజుల ముందు ఫోన్ చేయండి. వెళ్ళే రోజు మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి.

చంపావతి_62
సోమవారం, ఉదయం 6:40

పై మాటకి నా ఓటు. ఫోన్లో మొదటి వాక్యంలోనే 'ఇది పథకం సర్వే కాదు' అని చెప్పేయండి. తల్లికి వందనం డబ్బు, రేషన్ కార్డు, ఆధార్, హాజరు శాతం, వీటిలో ఏదో ఒకటి తనిఖీ చేయడానికే వస్తున్నారని జనం అనుకుంటారు. ఆ అనుమానం ఉన్న ఇంట్లో 'పిల్ల రోజూ బడికొస్తుంది, రోజూ చదువుతుంది, ఏ లోటూ లేదు' అనే చెబుతారు. మీరు విని రావాల్సింది ఒక్కటీ వినకుండా వెనక్కి వస్తారు. అందుకే చేతిలో రిజిస్టరు, ట్యాబు పట్టుకుని గుమ్మంలో నిలబడకండి.

ఉద్దానం_సైన్సు
సోమవారం, రాత్రి 7:20

ఎప్పుడు వెళ్ళాలనేదానికి కేలండరు కంటే ఆ ఇంటి పని ముఖ్యం.

వరి పండే ఊళ్ళలో ఉడుపుల వేళ, అంటే జూలై, ఆగస్టుల్లో, కోతల వేళ నవంబరు, డిసెంబరుల్లో పొద్దుపోయేదాకా ఇంట్లో ముసలివాళ్ళు తప్ప ఉండరు. ఆ రోజుల్లో కళ్ళం దగ్గరికే వెళ్ళి పలకరించడం తప్పుకాదు గానీ అది ఇంటికి వెళ్ళడం కిందికి రాదు. జీడి తోటలున్నచోట మార్చి నుంచి మే దాకా పిక్కలు ఏరే పని. పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీల్లో, జూట్ మిల్లుల్లో పనిచేసేవాళ్ళు షిఫ్టులమీద ఉంటారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళని మధ్యాహ్నం లేపితే మాట సాగదు. ఆ వారం ఏ షిఫ్టో పిల్లనడిగితే ఠక్కున చెబుతుంది.

మీది తీరప్రాంతం కాబట్టి ఒక వెసులుబాటు ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పడవల వేట నిషేధం. బడి చివరి రోజు మామూలుగా ఏప్రిల్ 23. ఆ మధ్యలో దొరికే ఎనిమిది తొమ్మిది రోజులూ తండ్రులు ఒడ్డున ఉండే రోజులు. ఇప్పుడు దొరకని ఇళ్ళని ఆ రోజులకి దాచుకోండి. మామూలు రోజుల్లో తెల్లారకముందే వేటకెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం పడుకుంటారు. సాయంత్రం నాలుగున్నర, ఐదింటికి వలలు బాగుచేసుకుంటూ దొరుకుతారు. అదే వేళకి తల్లి చేపల తట్టతో ఊళ్ళమీద ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి కావాలంటే ఆరింటి తర్వాతే. తండ్రి వేటపనికి గుజరాత్‌లోని వెరావల్ వైపు వెళ్ళిపోయిన ఇళ్ళలో నెలల తరబడి ఆ మనిషి దొరకడు. ఆ ఇంటికి వేరే ఏర్పాటు కావాలి.

తీరం_బడి
సోమవారం, రాత్రి 7:45

ఆ వేరే ఏర్పాటు ఏమిటో చెప్పండి సార్. మా 26 ఇళ్ళలో ఏడిళ్ళు అమ్మమ్మలు, నాయనమ్మలు నడుపుతున్నవే.

చంపావతి_62
సోమవారం, రాత్రి 8:30

హైదరాబాద్, విజయవాడ, చెన్నై భవనాల పనికి వెళ్ళినవాళ్ళ ఇళ్ళు రెండు జిల్లాల్లోనూ ఎక్కువే. అక్కడ రెండు ప్రశ్నలు వేరువేరుగా తేల్చుకోవాలి. పిల్లకి రోజూ అన్నం పెట్టి, జడవేసి పంపేది ఎవరు? పిల్ల చదువు గురించి నిర్ణయం చేసేది ఎవరు? మొదటిది ముసలమ్మ. రెండోది చాలాసార్లు ఊళ్ళో లేని తల్లి, ఒక్కోసారి మేనమామ. ముసలమ్మతో మాట్లాడి వచ్చేసి పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆవిడ ఎదురుగానే, ఆవిడ ఒప్పుకుంటేనే, తల్లికి ఫోన్ కలిపి పది నిమిషాలు మాట్లాడాలి. భవనాల పనిలో ఉన్నవాళ్ళకి ఆదివారం సాయంత్రం వీలుగా ఉంటుంది. ముసలమ్మని పక్కనబెట్టి తల్లికి నేరుగా ఫోన్ చేస్తే 'నన్ను కాదని చెప్పుకున్నారు' అనే మాట పుడుతుంది, పిల్ల మధ్యలో నలుగుతుంది.

సంక్రాంతికి అందరూ ఊరొస్తారు. కనుమ, ముక్కనుమ అయ్యాక కొందరు మూణ్ణాలుగు రోజులు ఆగుతారు. బడి తెరిచిన మొదటి రెండు మూడు సాయంత్రాలు పూర్తిగా ఈ ఏడిళ్ళకే ఉంచండి. గ్రామదేవత పండగకి ఊరు చేరినప్పుడు కూడా దొరుకుతారు గానీ ఆ సందడిలో మాట కుదరదు.

ఏడాది మధ్యలో పిల్లని కూడా తీసుకుపోతామని చెబితే వాదించకండి. ఎక్కడికి, ఎన్ని నెలలు, అక్కడ దగ్గర్లో బడి ఉందా అని అడగండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం బడి మారే పిల్లకి టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ ముక్క వాళ్ళకి తెలిస్తే పిల్ల అక్కడ ఖాళీగా ఇటుకల మధ్య కూర్చోదు. పిల్లని ఇక్కడే ఉంచుతామంటే సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ ఏర్పాటు మీ మండలంలో ఉందేమో ఎంఈవో ఆఫీసులో కనుక్కుని, ఉంటేనే చెప్పండి.

పొందూరు_లెక్కలు
సోమవారం, రాత్రి 10:05

అందరూ ఇంటి కష్టాలు తెలుసుకోవడం గురించే మాట్లాడుతున్నారు. ఆ ఇంట్లో ఉన్న తెలివి ఏమిటో చూడండి. నా దృష్టిలో ఇంటికి వెళ్ళడానికి అసలు కారణం అదే. అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో టీచర్లు ఇళ్ళకి వెళ్ళింది కుటుంబాల దగ్గరున్న పనితనాన్ని, జ్ఞానాన్ని తెలుసుకుని పాఠంలోకి తెచ్చుకోవడానికే. 1990ల్లోనే అక్కడ ఆ పని జరిగింది.

పొందూరు నేత ఇంట్లో పిల్లకి విలోమానుపాతం చెప్పాలంటే 'పనివాళ్ళు, రోజులు' లెక్క అక్కర్లేదు. నూలు కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. ఒక పౌను బరువులో ఎన్ని చిలపలు వస్తాయో అదే కౌంటు కాబట్టి. వంద కౌంటంటే ఎంత సన్నమో ఆ పిల్ల వేళ్ళకి తెలుసు. పలాస వైపు పిల్లలకి ఇదే లెక్క జీడిపప్పులో దొరుకుతుంది. డబ్ల్యూ 180 పెద్ద పలుకు, డబ్ల్యూ 320 చిన్న పలుకు. ఆ అంకె పౌనుకి తూగే పలుకుల లెక్క. 320 రకమైతే పౌనుకి 300 నుంచి 320 దాకా తూగుతాయి. అంకె పెరిగితే పలుకు చిన్నది. పొందూరు నూలుకీ పలాస పలుక్కీ ఒకటే సూత్రం. 8వ తరగతి పిల్లల్ని రెండూ పక్కపక్కన రాయమనండి, పాఠం సగం అయిపోతుంది.

తీరం మేడమ్, మీ ఊళ్ళో చేపల వేలంపాట, ఆ తర్వాత పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా పంచుకోవడం ఉంటుంది కదా. ఏ పడవ మీద ఎలా పంచుతారో ఇంట్లో అడగండి. భిన్నాలకి అంతకంటే మంచి ఉదాహరణ పుస్తకంలో దొరకదు. ఎవరికెంత వచ్చిందని మాత్రం అడగకండి, పద్ధతి అడగండి. సంపాదన అడిగినట్టు అనిపిస్తే మాట అక్కడే తెగిపోతుంది.

ఉద్దానం_సైన్సు
సోమవారం, రాత్రి 10:30

పొందూరు మాస్టారి మాట చాలా బాగుంది. జీడి దగ్గర ఇంకో సంగతి. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. పిక్కలు కొట్టే, వలిచే చోట చెయ్యి పెట్టిన పిల్లల వేళ్ళ చివర్లు నల్లబడి, తోలు ఊడి ఉంటాయి. పెన్సిలు గట్టిగా పట్టుకోలేరు. క్లాసులో అది బద్ధకంలా, చేతిరాత బాగోనట్టు కనిపిస్తుంది. అలాంటి వేళ్ళు చూసినప్పుడు రాత మెరుగుపరచమని నాలుగు పేజీలు కాపీ ఇవ్వడం తప్పు. పుండు మానేదాకా నోటితో చెప్పించుకోండి, పలకమీద పెద్ద అక్షరాలు రాయించండి. 14 ఏళ్ళ లోపు పిల్లలు బడి వేళ తర్వాత సొంత ఇంటి పనిలో సాయపడటానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ ప్రమాదం ఉన్న పనికి ఒప్పుకోదు. ఆ మాట ఇంట్లో బెదిరింపుగా అనకుండా, చెయ్యి చూపించి పుండు గురించి మాట్లాడితే తల్లే పిల్లని ఆ పనికి దూరంగా ఉంచుతుంది.

ఇంటికి బయల్దేరే ముందు హాజరు పట్టీ ఒకసారి నిదానంగా చదవండి. మూడు నెలల గైర్హాజరీలని వారాల వారీగా గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టండి. వారానికి ఒకటే రోజు పడుతుంటే అది సంత రోజేమో చూడండి. నాలుగైదు రోజులు వరసగా పోయి మళ్ళీ వస్తే పొలం పని, లేకపోతే చుట్టాల ఊరు. వారానికి రెండు మూడు రోజులు, ఎప్పుడూ అవే రోజులు పడుతుంటే, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో అయితే నాకు మొదట తోచేది ఇంట్లో ఎవరికో కిడ్నీ జబ్బుకి చేయించే డయాలసిస్. ఒక్కో విడత నాలుగు గంటల దాకా పడుతుంది, రానూపోనూ కలిపితే రోజంతా పోతుంది. తోడు వెళ్ళేది చాలాసార్లు ఇంట్లో ఉన్న పెద్ద పిల్ల. ఈ ఇంట్లో 'ఎందుకు రావట్లేదు' అని అడక్కండి. జబ్బు సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా ఎత్తకండి, చెప్పాక క్లాసులో ఎవరి దగ్గరా అనకండి. పెళ్ళి సంబంధాలదాకా పోయే విషయం అది. మీరు చేయగలిగింది వేరే ఉంది. కొత్త పాఠం, పరీక్ష ఆ రోజుల్లో పడకుండా చూడటం, ఆ పిల్లకి మర్నాడు పొద్దున్న పావుగంట విడిగా ఇవ్వడం.

గరివిడి_సోషల్
మంగళవారం, ఉదయం 7:05

చెప్పి వెళ్ళడం విషయంలో నా అభిప్రాయం మార్చుకుంటున్నాను, లావేరు వారి మాట సబబే. మరి లోపలికి వెళ్ళాక ఏం మాట్లాడాలి? ఏం చూడాలి?

చంపావతి_62
మంగళవారం, రాత్రి 8:10

చెప్పులు బయట విప్పండి. ఎక్కడ కూర్చోమంటే అక్కడే. అరుగుమీద చాప వేస్తే అరుగే. లోపలికి పిలవకపోతే వెళ్ళొద్దు. ఒక్క కుర్చీ ఉంటే మీలో ఒకరు దానిమీద కూర్చుని ఇంటావిడ నేలమీద కూర్చోవడం బాగుండదు, మీరూ చాపమీదే కూర్చోండి. మీ ఇద్దరిలో ఒకరు మాట్లాడాలి, ఒకరు వినాలి. కనీసం ఒకరు ఆడవాళ్ళు ఉండాలి.

నీళ్ళిస్తే తాగండి. ఇది చిన్న విషయం కాదు. ఒక వీధిలో తాగి ఇంకో వీధిలో 'వద్దమ్మా, ఇప్పుడే తాగాం' అంటే ఎందుకన్నారో ఆ ఇంట్లో ఐదేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది. ఆ తర్వాత మీరు క్లాసులో సమానత్వం పాఠం ఎంత బాగా చెప్పినా ఆ పిల్ల నమ్మదు. కూల్‌డ్రింకు కోసం పిల్లని కొట్టుకి పంపబోతే మాత్రం ఆపండి. ముందు రోజు ఫోన్లోనే 'మంచినీళ్ళు చాలమ్మా, ఇంకేం పెట్టినా తీసుకోం' అని చెబితే ఆ ఖర్చు తప్పుతుంది.

మొదటి మాట పిల్ల గురించి ఒక మంచి సంగతి కావాలి. అది నిజమైనదీ, నిర్దిష్టమైనదీ అవ్వాలి. 'మీ పాప బాగా చదువుతోంది' అంటే ఎవరికైనా చెప్పే మాట. 'నిన్న పక్కపిల్లకి తీసివేత తనే నేర్పింది' అంటే తల్లి ముఖం మారుతుంది. ఆ తర్వాత నాలుగైదు ప్రశ్నలకి మించి అక్కర్లేదు. ఇంట్లో ఏ పని ఇష్టంగా చేస్తుంది? బడి గురించి ఏం చెబుతుంది? ఎవరి మాట వింటుంది? దేనికి భయపడుతుంది? పెద్దయ్యాక ఏం కావాలని మీకుంది? చివర్న ఒకటి: మేం తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా? ఇది అడిగాక మాట్లాడకుండా ఆగండి. అసలు సంగతి చాలాసార్లు లేచి చెప్పులు వేసుకునేటప్పుడు గుమ్మంలో వస్తుంది.

'మీరేం చదువుకున్నారు' అని అడగొద్దు. ఇల్లు సొంతమా, ఎంత భూమి, అప్పులెన్ని, ఇవేవీ వద్దు. కళ్ళతో ఇల్లంతా వెతకొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైంది: ఫిర్యాదు చేయొద్దు. అల్లరి చేస్తున్నాడు, హోంవర్కు చేయట్లేదు అని మీరు నవ్వుతూ అన్నా సరే, మీరు వీధి మలుపు తిరిగేలోపు దెబ్బలు పడతాయి. మర్నాడు వాడు బడికి రాడు, వచ్చినా మీ ముఖం చూడడు. మీరు పెంచుదామనుకున్న నమ్మకం మీ చేతులతోనే పోతుంది. ఆ మాటలకి బడి ఉంది, కమిటీ మీటింగు ఉంది.

భవిత_ఐఈఆర్పీ
మంగళవారం, రాత్రి 9:00

వైకల్యం ఉన్న పిల్లల చదువు చూసే మా పనిలో ఇంటికి వెళ్ళడం అనేది రోజువారీ సంగతి. 2012 సవరణ తర్వాత తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకి ఇంటి దగ్గరే చదువుకునే హక్కు విద్యాహక్కు చట్టంలో ఉంది. అలాంటి పిల్ల ఉన్న ఇంట్లో ఏం చూడాలో చెప్తాను, మామూలు టీచర్లకీ పనికొస్తుంది.

గుమ్మం ఎత్తు కొలవండి. వాలు 1:12 ఉండాలి. 15 సెంటీమీటర్ల గడపకి 180 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. అంతకంటే నిటారుగా వేసిన ర్యాంపుమీద చక్రాల కుర్చీని తల్లి ఒక్కతే ఎక్కించలేదు, రెండు వారాలకి అది బియ్యం ఆరబోసే చోటవుతుంది. బడిలో వేసే ర్యాంపుకీ ఇదే లెక్క. పాయిఖానాకి ఎంత దూరం, పట్టుకోవడానికి ఏముంది అన్నది చూడండి. బడిలో పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా కూర్చునే పిల్లలకి కారణం చాలాసార్లు ఇదే.

చూపు, వినికిడి గురించి తల్లిని అడిగే తీరు వేరు. 'కళ్ళు కనబడతాయా' అంటే కనబడతాయనే చెబుతుంది. 'టీవీకి ఎంత దగ్గరగా కూర్చుంటాడు? చీకటి పడ్డాక నడిచేటప్పుడు తడుముకుంటాడా? వెనకనుంచి పిలిస్తే పలుకుతాడా?' అని అడగండి. మూర్ఛ ఉందా అని కూడా నేరుగా అడక్కండి. 'ఉన్నట్టుండి కళ్ళు నిలబడిపోయి, పిలిచినా పలక్కుండా ఉంటుందా' అంటే చెబుతారు. అది విన్నాక పీహెచ్‌సీకి పంపాలి, రోగం పేరు మీరు పెట్టకూడదు.

మెళియాపుట్టి_ఎస్జీటీ
మంగళవారం, రాత్రి 9:40

కొండ ఊళ్ళ సంగతి రెండు మాటల్లో. సవర ఇళ్ళలో తెలుగు మగవాళ్ళకి వచ్చినంతగా ముసలమ్మలకి రాదు. సరిహద్దు ఊళ్ళలో కొన్ని ఇళ్ళలో ఒరియా. ఆ పిల్లనే దుబాసీగా పెట్టుకుని ఆ పిల్ల గురించే మాట్లాడకండి. మెచ్చుకున్నది సిగ్గుతో చెప్పదు, మిగతాది భయంతో చెప్పదు. భాష వచ్చిన అంగన్‌వాడీ కార్యకర్తనో, ఆశా కార్యకర్తనో తోడు తీసుకెళ్ళండి. పది సవర మాటలు మీరూ నేర్చుకోండి: పలకరింపు, అమ్మ, నాన్న, అన్నం, నీళ్ళు, మంచిది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్ళ పిల్లలకి బడి పెట్టిన నేల ఇది.

కొండ చీపుర్లు, చింతపండు, జీడి పిక్కలు, ఇవి చేతికొచ్చే నెలల్లో, అంటే జనవరి నుంచి మే దాకా పగలు ఊరు ఖాళీ. సంత రోజు అసలే వద్దు. సాయంత్రం వెళ్ళి చీకట్లో దిగడం కంటే సెలవు రోజు పొద్దున్న ఏడింటికే చేరుకోవడం మేలు.

తీరం_బడి
బుధవారం, సాయంత్రం 6:50

చాలా స్పష్టంగా ఉంది. ఇంకో రెండు సందేహాలు. తండ్రి తాగి ఉంటే? ఫోటో తీసి గ్రూపులో పెట్టాల్సి వస్తే?

లావేరు_తల్లిదండ్రుల_కమిటీ
బుధవారం, రాత్రి 7:30

తాగి ఉంటే రెండు నిమిషాల్లో లేచిపోండి. 'ఇటు వెళ్తూ పలకరించాం, మళ్ళీ వస్తాం' అంటే చాలు. నీతి చెప్పొద్దు, ఆ రాత్రి దాని ఫలితం ఇంటావిడ పడుతుంది. మరోసారి ఆదివారం పొద్దున్న వెళ్ళండి.

ఫోటో వద్దేవద్దు. పెంకుటింటి ముందు, చిరుగు చీరతో నిలబడ్డ తల్లి బొమ్మ వంద మంది ఫోన్లలోకి వెళ్తుంది. ఆ మాట ఊళ్ళో ఒక్కసారి పొక్కితే మిగతా ఇళ్ళు తలుపు తీయవు. పై ఆఫీసుకి వెళ్ళినట్టు చూపించాలంటే తేదీ, ఇంటి పెద్ద సంతకమో వేలిముద్రో ఒక పుస్తకంలో చాలు.

గరివిడి_సోషల్
బుధవారం, రాత్రి 8:00

సంతకం కూడా నాకు ఇబ్బందిగానే ఉంది. సంతకం అనగానే మళ్ళీ పథకం భయం మొదలవుతుంది. వెళ్ళిన ఇద్దరు టీచర్లూ సంతకం పెట్టుకుంటే చాలదా? హెడ్మాస్టరు ధ్రువీకరిస్తారు.

లావేరు_తల్లిదండ్రుల_కమిటీ
బుధవారం, రాత్రి 8:12

అవును సార్, అదే మేలు.

పొందూరు_లెక్కలు
బుధవారం, రాత్రి 9:15

రాసుకోవడం గురించి. వాళ్ళ ముందు పెన్ను తీయొద్దు. ఆ రాత్రికే రాయండి, మర్నాటికి సగం మర్చిపోతారు. ఐదు వాక్యాలు చాలు: పిల్లకి ఇష్టమైన పని, ఇంట్లో చదువు చూసే మనిషి ఎవరు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ ఇంట్లో ఏం జరుగుతుంది, ఇంటివాళ్ళ ఆశ, వచ్చే వారం క్లాసులో నేను మార్చేది ఒకటి.

ఆ మూడో వాక్యం మీద ఒత్తి చెబుతున్నాను. ఒక్క గదిలో ఒక్క బల్బు, దాని కిందే టీవీ, అక్కడే వంట ఉన్న ఇంట్లో ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా చదువు జరగదు. అలాంటి పిల్లకి గంటసేపటి హోంవర్కు ఇస్తే చేయదు, చేయలేదని మనం తిడతాం. బడి వదిలాక ఇరవై నిమిషాలు వరండాలో కూర్చోబెట్టి రాయించి పంపితే ఆ సమస్యే ఉండదు. ఫోన్ ఒక్కటే ఉండి అది తండ్రితో పాటు రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరుతుంటే, వాట్సాప్‌లో సాయంత్రం పంపే హోంవర్కు ఆ పిల్లకి అందనట్టే.

ఐదో వాక్యం ఖాళీగా ఉంటే ఆ ఇంటికి వెళ్ళిన పని పూర్తికాలేదని లెక్క. వారం లోపల ఏదో ఒకటి మారాలి: కూర్చునే చోటు, హోంవర్కు కొలత, పాఠంలో ఒక ఉదాహరణ, పిలిచే పేరు. మారాక తల్లికి ఒక ఫోన్. 'మీరు చెప్పారు కదా, ముందు బెంచీలో కూర్చోబెట్టాం' అని.

భవిత_ఐఈఆర్పీ
బుధవారం, రాత్రి 9:40

ఆ నోటుబుక్కులో రాయకూడనివి కూడా చెప్పుకుందాం. జబ్బులు, అప్పులు, కుటుంబ గొడవలు, కులం రాయొద్దు. పుస్తకం బీరువాలో తాళం వేసి ఉండాలి. పిల్లమీద లైంగిక హింస అనుమానం వస్తే అది నోటుబుక్కు విషయం కాదు, హెడ్మాస్టరుతో చెప్పి ఊరుకునేదీ కాదు. పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకి చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పొచ్చు. పిల్ల పేరు బయటికి రాకూడదు. ఎవరికీ చెప్పనని పిల్లకి ముందే మాటిచ్చేయకండి, నిలబెట్టుకోలేరు. పదిహేనేళ్ళ పిల్లకి సంబంధం చూస్తున్నారని తెలిస్తే 1098కీ, ఐసీడీఎస్ సూపర్‌వైజరుకీ చెప్పాలి. ముహూర్తం పెట్టకముందు ఆపడం తేలిక.

చంపావతి_62
బుధవారం, రాత్రి 10:00

హాస్టల్ సీటు, పింఛను, అప్పు, సిఫారసు అడుగుతారు. 'కనుక్కుని శనివారంలోగా చెప్తాను' అనండి, శనివారం ఫోన్ చేయండి, పనికాకపోయినా సరే. కస్తూర్బా విద్యాలయంలో ఆరో తరగతి సీటు లాంటిదైతే దరఖాస్తు ఎప్పుడో, ఎక్కడో చెప్పగలరు. సీటు ఇప్పిస్తానని మాత్రం అనకండి.

తీరం_బడి
గురువారం, రాత్రి 8:20

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం మొదలు. సోమ, గురువారాల సాయంత్రం ఐదున్నరకి ఒక ఇల్లు, ఆరుంపావుకి ఒకటి. వలస ఇళ్ళు ఏడు సంక్రాంతి తర్వాత. పిల్లల చేతికి ఇచ్చే చీటీ ఇలా రాశాం, దిద్దండి:

'అమ్మా, నాన్నగారూ, నమస్కారం. గురువారం సాయంత్రం 5:30కి గృహ సందర్శన నిమిత్తం మేమిద్దరం వస్తున్నాము. మీ పాప ఏ తప్పూ చేయలేదు. ఇది ఏ పథకానికీ సంబంధించినది కాదు. పాపకి ఏది ఇష్టమో మీ దగ్గర తెలుసుకోవడానికే. మంచినీళ్ళు చాలు. ఆ రోజు వీలుకాకపోతే మొహమాటపడకుండా చెప్పండి, ఇంకో రోజు వస్తాం.'

లావేరు_తల్లిదండ్రుల_కమిటీ
గురువారం, రాత్రి 8:45

'గృహ సందర్శన నిమిత్తం' తీసేసి 'మీ ఇంటికి వస్తున్నాం' అని రాయండి. గురువారం బదులు లక్ష్మివారం అనండి, మన ఊళ్ళలో అదే పలుకుతారు. అన్నట్టు, మార్గశిరం రాబోతోంది. ఆ నెల లక్ష్మివారాలు ఆడవాళ్ళు పూజలో ఉంటారు, ఇల్లు అలకడం, ముగ్గులు, నైవేద్యం. ఆ నాలుగు వారాలూ శుక్రవారానికి మార్చుకోండి.

తీరం_బడి
గురువారం, రాత్రి 8:58

మార్చేశాం. శుక్రవారం మా ఊళ్ళో సంత కాదు, అదీ చూసుకున్నాం.